మైకు మామ నోటికి పడిన జిగురు

ఈ పాపం మీదే, మిల్లు యజమానుల్లారా! పళ్ళ డాక్టరు గదికి తాళం వేశారు. కార్మికులకు తలకో చిగుళ్ళ మందు ట్యూబు పంచి, ప్రకృతి వైద్యమని చేతులు దులుపుకున్నారు. అందులో ఉన్నవి తేనెమైనమూ, తేనెటీగలు గూటి పగుళ్ళు పూడ్చుకునే జిగురూ. అది చిగుళ్ళకు మంచిదో కాదో చెప్పాల్సింది డాక్టరు. ఆయన్నే పంపేశారు!

యంత్రాల హోరును మించిన గొంతు కాబట్టి మేస్త్రీని అందరూ మైకు మామ అంటారు. వారానికి ఒక్కరోజైనా డాక్టరును పంపమని మేనేజరును అడగాలని ఆ ఉదయం బయలుదేరాడు. పంటి నొప్పితో భార్య దవడ వాచి కన్ను మూతపడుతోంది.

"గట్టిగా అడుగు. ముందు నీ పళ్ళు జారకుండా చూసుకో. పోయినసారి మేనేజరు బల్ల మీద పడ్డాయి," అందామె.

కట్టుడు పళ్ళు వదులయ్యాయి. బిగించే డాక్టరు లేడు. మామ ట్యూబు సగం పిండి రెండు వరసలకూ పట్టించాడు. ఎండలో నడిచినంతసేపూ జిగురు మెత్తగానే ఉంది. మేనేజరు ఏసీ గదిలో కాసేపు కూర్చోగానే చల్లబడి రాయైంది. పై పళ్ళు కింది పళ్ళను పట్టుకుని వదల్లేదు.

"చెప్పండి మేస్త్రీ గారూ."

మామ పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు.

"నన్నే నోరు మూసుకోమంటావా?" మేనేజరు లేచాడు.

అద్దం అవతల కార్మికులు చూశారు. మామ మాట్లాడకపోవడం వాళ్ళెన్నడూ ఎరగరు.

"మామని బెదిరించార్రా! ఆపండి మిషన్లు!"

మిల్లు మూగబోయింది. మేనేజరుకు చెమటలు పట్టాయి.

"ఒక్క మాట చెప్పవయ్యా వాళ్ళకి! ఏంటా చూపు? మళ్ళీ ఆ డాక్టరు సంగతేగా? వారానికి రెండ్రోజులు వస్తాడు, చాలా?"

మామ ఊపిరాడక బుసకొట్టాడు.

"సరే బాబూ, రోజూ వస్తాడు! గది తెరిపిస్తా! ఎవర్రా అక్కడ, టీ తెండి!"

వేడి టీ పళ్ళ సందుల్లోంచి దిగింది. జిగురు కరిగింది. దవడ తెరుచుకుంది.

"ఇంతకీ ఎన్నిరోజులు అడుగుదామని వచ్చావు?"

మామ దవడ సవరించుకున్నాడు.

"అదేనండీ. రోజూ."

యజమానుల్లారా, మాట అన్నారు, నిలబడండి. రేపు పొద్దున్నే ఆ గది తాళం తియ్యండి. మొదటి కుర్చీ మామ భార్యకివ్వండి.

ట్యూబులో ఇంకా సగం ఉంది.