శనివారపు అనుమానితులు

ఆ శుక్రవారం ఉదయం యుగంధర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా మూడు ఆఫీసుల కంప్యూటర్లను కలిపెయ్యాలి. సాయంత్రం తన బదిలీ కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. శనివారం పొద్దున్న ఆ కాగితం పట్టుకెళ్ళి భార్గవి చేతిలో పెట్టాలి. ఇందులో మొదటి పని మీద ప్రభుత్వం ఏడాదిన్నరగా మల్లగుల్లాలు పడుతోందని అతనికి తెలుసు. అయినా పెళ్ళాం పక్కన ఉండాలన్న ఆశ మనిషికి ఎక్కడలేని ధైర్యమూ తెచ్చిపెడుతుంది.

మూలపేటలో రేవు కడుతున్నారు కాబట్టి, ఆ తీరం మీద ఒక కన్నేసి ఉంచడానికి మూడు నిఘా శాఖలు టెక్కలిలో దిగాయి. వాటి అసలు పేర్లు చెప్పకూడదు. చెప్పినా వాళ్ళు ఒప్పుకోరు. మనం మెట్ట శాఖ, రేవు శాఖ, ఢిల్లీ శాఖ అనుకుందాం. మూడూ ఒకే వీధిలో, బోర్డుల్లేని మూడు మేడల్లో ఉన్నాయి. వాటి ఉనికి పరమ రహస్యం. బస్టాండులో ఆటో ఎక్కితే మాత్రం, "రహస్యం ఆఫీసులకేనా బాబూ? పెద్దదా, సిన్నదా, ఆఫీసరమ్మదా?" అని అడుగుతారు.

మెట్ట శాఖ కంప్యూటరుకు పక్కన టేబుల్ ఫ్యాను తిరగకపోతే ఊపిరాడదు. రేవు శాఖ కంప్యూటరు తెరవాలంటే ఇద్దరు గుమస్తాలు చెరో సగం పాస్‌వర్డు కొట్టాలి. ఆ ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. ఢిల్లీ శాఖకు కొత్త యంత్రమే ఉంది గాని, దాని మీద గుడ్డ తీయడానికి కూడా ఢిల్లీ అనుమతి కావాలి. ఒకే పడవ గురించి మూడు శాఖలూ మూడు చోట్ల రాసుకుని, ఒకరికొకరు చెప్పకుండా దాచుకుంటున్నాయని పైవాళ్ళకు తెలిసింది. అన్నింటినీ ఒకే వ్యవస్థ కిందికి తెమ్మని ఆజ్ఞ వేశారు. ఆ సమన్వయకర్త ఉద్యోగం మెట్ట శాఖలో కంప్యూటర్లు తెలిసిన ఏకైక ప్రాణి యుగంధర్ నెత్తిన పడింది.

"నువ్వు కలిపెయ్యవయ్యా. కలిపిన రోజే నిన్ను ఇచ్ఛాపురం వేసేస్తాను," అన్నాడు మెట్ట శాఖ పెద్ద గౌరీశంకర్.

ఇచ్ఛాపురం అంటే భార్గవి. భార్గవి అతని మేనమామ కూతురు, రెండేళ్ళుగా భార్య, ఇచ్ఛాపురంలో ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్. వార్డెన్ హాస్టల్లోనే పడుకోవాలని ఆమె రూలు. హెడ్‌క్వార్టరు దాటి పోకూడదని ఇతని రూలు. ఆలుమగలను ఒకచోట వెయ్యండి మహాప్రభో అని పెట్టుకున్న అర్జీ రెండేళ్ళుగా ఏ బల్ల మీద నిద్రపోతోందో ఏ నిఘా శాఖా కనిపెట్టలేకపోయింది.

వాళ్ళ కాపురమల్లా శనివారాల్లోనే. ఆ రోజు భార్గవి వారపు నివేదికలు పట్టుకుని ప్యాసింజరు బండిలో జిల్లా ఆఫీసుకు వెళుతుంది. హరిశ్చంద్రపురంలో ఆ బండిని పక్క లైనులో నిలబెట్టి, వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌ను ముందు వదులుతారు. అందుకు పన్నెండు నిమిషాలు పడుతుంది. యుగంధర్ ఆఫీసులో "నౌపడలో వైరు తెగింది" అని చెప్పి మోటారుసైకిలెక్కి హరిశ్చంద్రపురం పోతాడు. ఆమె వారానికి సరిపడా పచ్చళ్ళూ పొడులూ, ఆ పూటకి కూరా సర్దిన స్టీలు క్యారియరు ఇస్తుంది. ఇతను కిందటి వారం క్యారియరు తిరిగిస్తాడు. ఇంటి గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు కాబట్టి దాంట్లో పలాస జీడిపప్పో, ఉద్దానం పనస తొనలో పెడతాడు. ఎక్స్‌ప్రెస్ ఆలస్యమైన వారం ఇద్దరికీ పండగే. ఇరవై నిమిషాలు! దేశంలో రైలు ఆలస్యమవ్వాలని దేవుడికి దణ్ణం పెట్టుకునే జంట బహుశా అదొక్కటే.

మిగతా ఆరు రోజులూ యుగంధర్ ఎలా బతికేవాడని అడక్కండి. వంటింట్లో ఒక్క కంచం కడుక్కుంటుంటే గుండె బరువెక్కేది. ఏదో ఒక మాట ఆమెకు చెప్పాలనుకుని, ఫోనులో చెబితే రుచి పోతుందని శనివారానికి దాచుకునేవాడు. తీరా శనివారం ఆమె మొహం చూడగానే దాచుకున్నవన్నీ మరిచిపోయేవాడు.

సరే, శుక్రవారం సంగతి. ఫ్యాను తిప్పి, గుమస్తాలిద్దరినీ గోడకు అటొకరిని ఇటొకరిని కూచోబెట్టి పాస్‌వర్డు కొట్టించి, ఢిల్లీ అనుమతి తెప్పించి, నాలుగు గంటలకు మూడు కంప్యూటర్లనూ కలిపేశాడు. మూడు శాఖల పెద్దలూ చరిత్రలో మొదటిసారి ఒకే గదిలో కూచున్నారు. గౌరీశంకర్, రేవు శాఖ పైడిరాజు, ఢిల్లీ శాఖ సుభద్ర. కొత్త వ్యవస్థ కాసేపు ఆలోచించి, తెర నిండా ఎర్రరంగు పులిమింది.

"ఇరవయ్యొక్క వారాల్లో అరవై మూడు రహస్య సమావేశాలు! ఒక పురుషుడు, ఒక స్త్రీ. స్థలం హరిశ్చంద్రపురం స్టేషను," అని చదివింది సుభద్ర.

యుగంధర్ తెర దగ్గరకు జరిగి చదివాడు. మెట్ట శాఖ నివేదికలో "స్టీలు పాత్ర" అని ఉంది. రేవు శాఖలో "మూడంతస్తుల బరువైన లోహపు డబ్బా" అని ఉంది. ఢిల్లీ శాఖలో "పిడి, గొళ్ళెం అమర్చిన స్తూపాకార పరికరం" అని ఉంది. ముగ్గురు వేర్వేరు వేగుల కబురు కాబట్టి యంత్రం ఒక్కో శనివారాన్ని మూడేసి సార్లు లెక్కేసింది. అరవై మూడు! అన్నిసార్లు నిజంగా కలుసుకుని ఉంటే ఎంత బాగుండేదని ముందు అనిపించింది. భయం ఆ తర్వాతే వేసింది.

"మా వేగు మహా నమ్మకస్తుడు. రహస్యనామం కొంగ," అన్నాడు గౌరీశంకర్.

"మావోడు పీత. ఆడు సెప్పిందేదీ తప్పవ్వదు," అన్నాడు పైడిరాజు.

"మా వాడికి పేరుండదు. పదిహేడో నంబరు," అంది సుభద్ర.

ముగ్గురూ ముగ్గురనుకుంటున్న ఆ మనిషి ఒక్కడే. హరిశ్చంద్రపురం ప్లాట్‌ఫాం మీద టీ అమ్మే సన్యాసి. వారానికొక కబురైనా ఇవ్వకపోతే టీ అమ్మనివ్వమని ముగ్గురూ విడివిడిగా బెదిరించారు. ఆ స్టేషనులో మేకలు తప్ప ఏమీ జరగదు. పాపం సన్యాసి కళ్ళకు కనబడ్డ ఒకే ఒక జంటను ముగ్గురికీ సమానంగా పంచిపెట్టాడు. వేగు పేరు ఎవరికీ చెప్పకూడదన్నది మూడు శాఖల్లోనూ ఉన్న ఒకే ఒక ఉమ్మడి నియమం.

అది నేనే సార్ అని చెప్పెయ్యాలని యుగంధర్ నోరు తెరిచాడు. ఈలోగా గౌరీశంకర్ అతని భుజం తట్టాడు. "రేపు ఈ జంటను పట్టుకున్న మరుక్షణం నీ బదిలీ మీద సంతకం. హెడ్‌క్వార్టరు దాటకుండా ఏడాదిన్నర కష్టపడ్డావు. నీకు కాక ఎవరికిస్తాం?"

తెరిచిన నోరు మూసుకుంది. భార్గవికి ఫోను చేసి రేపు రావద్దని చెబితే గండం గడుస్తుందనుకున్నాడు. పని పూర్తయ్యేదాకా ఎవరూ ఇంటికి పోకూడదనీ, ఫోన్లన్నీ పెట్టెలో వెయ్యాలనీ సుభద్ర ఆజ్ఞ వేసింది. పెట్టెకు తాళం పడింది. సరే, రేపు తాను వెళ్ళకపోతే సరి, ఆమె బండిలోనే కూచుని వెళ్ళిపోతుందనుకున్నాడు. సుభద్ర అతన్ని ఎగాదిగా చూసి, నివేదిక వంక చూసింది.

"పొడుగు, చామనఛాయ, చారల చొక్కా, మాటిమాటికీ గడియారం చూసుకోవడం. ఇతను అచ్చం సరిపోతాడు. అసలువాణ్ణి రోడ్డు మీదే ఆపేద్దాం. వాడి బదులు ఇతన్ని నిలబెడదాం. డబ్బా చేతులు మారగానే ఇద్దరం ముగ్గురం కాదు, అందరం మీద పడదాం."

"అలాటి డబ్బా దొరకాల గదా మేడమ్?" అన్నాడు పైడిరాజు.

"మా ఇంట్లో ఒకటుందండి," అన్నాడు యుగంధర్ నీరసంగా.

కాపలా మనిషిని తోడిచ్చి పంపి క్యారియరు తెప్పించారు. అచ్చం నివేదికలో ఉన్నట్టే ఉందని అందరూ మెచ్చుకున్నారు. ఖాళీది తేవడానికి చెయ్యి రాక యుగంధర్ దాంట్లో జీడిపప్పు నింపాడు.

శనివారం తొమ్మిదిన్నర. మామూలుగా నలుగురు మనుషులుండే ప్లాట్‌ఫాం మీద ఇరవై మంది ఉన్నారు. మూడు శాఖలూ ఒకదానికొకటి చెప్పకుండా తలా ఆరుగుర్ని మారువేషాల్లో దించాయి. అందరూ పేపరు చదువుతున్నారు. అందరిదీ ఒకే పేపరు. గౌరీశంకర్ తలకు తువ్వాలు చుట్టి జీడి వ్యాపారి అయ్యాడు. పైడిరాజు చేపల బుట్ట పెట్టుకున్నాడు. సుభద్ర యాత్రకు పోతున్నట్టు పసుపు చీర కట్టుకుంది.

సన్యాసి ముగ్గురినీ గుర్తుపట్టాడు. మర్యాద తప్పకూడదని టీ పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళి చెవిలో గొణిగాడు. "దండాలు బాబూ. తవరే వచ్చీసినారేటి? ఈ వారం కబురు సాయంత్రం సెప్తాను."

గౌరీశంకర్ చెవిలో గొణగడం మిగతా ఇద్దరూ చూశారు. పైడిరాజు చెవిలో గొణగడం మిగతా ఇద్దరూ చూశారు. సుభద్ర దగ్గరకు వచ్చేసరికి కొంగ, పీత, పదిహేడు ఒకడేనని ముగ్గురికీ ఒకేసారి వెలిగింది. కాని ఎలా చెబుతారు? చెబితే తమ వేగు పేరు బయటపెట్టినట్టే. ముగ్గురూ టీ తాగి, మొహాలు అటు తిప్పుకుని ఊరుకున్నారు.

యుగంధర్ జీవితంలో మొదటిసారి ఆ బండి రాకూడదని మొక్కుకున్నాడు. దూరంగా కూత వినబడగానే కాళ్ళు మొక్కు సంగతి మరిచిపోయి మూడో పెట్టె ఆగే చోటికి నడిచాయి. కిటికీలో భార్గవి మొహం కనబడింది. ఆరు రోజుల బరువూ ఒక్కసారి దిగిపోయింది. పట్టుకుంటే పట్టుకోనీ, ఈ మొహం చూశాను చాలు అనిపించింది.

"ఏటి బావా, ఈ వేళ ఇంత జనం? ఏదైనా జాతరా?" అంటూ దిగింది. అతని గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "సిక్కిపోనావు. తింతన్నావా లేదా? ఇదిగో, పనసపొట్టు కూర. వేడిగున్నప్పుడే తిను."

"భార్గవీ, నువ్వు బండెక్కీ. వేగిరం ఎక్కీ," అన్నాడతను. కాని చెయ్యి మాత్రం ఆమె చేతిని వదల్లేదు.

క్యారియర్లు చేతులు మారాయి. పద్దెనిమిది పేపర్లు కిందపడ్డాయి. ఉన్న ఇరవై మందిలో ఇద్దరు నిజం ప్రయాణికులు కూడా భయపడి వాళ్ళతోపాటు మీద పడ్డారు. మెట్ట శాఖవాళ్ళు రేవు శాఖవాళ్ళను, రేవు శాఖవాళ్ళు ఢిల్లీ శాఖవాళ్ళను పట్టుకున్నారు. భార్గవిని మాత్రం ఎవరూ పట్టుకోలేకపోయారు. హాస్టల్లో నూట నలభై మంది పిల్లల్ని ఒక్క కేకతో పడుకోబెట్టే గొంతు ఆమెది.

"ఆగండి! ఎవులు మీరంతా? మా ఆయన మీద సెయ్యేత్తారేటి?"

"మీ ఆయనా? ఇతను మా మనిషమ్మా! దొంగ వేషంలో పెట్టాం," అన్నాడు గౌరీశంకర్ తువ్వాలు సర్దుకుంటూ.

"మీకు ఏ మనిషో నాకు తెలీదు. నాకు మొగుడు. వారానికి పన్నెండు నిమిషాల మొగుడు. అందులో ఐదు మీరే తినీసినారు!"

ఆ మాటకు పట్టుకున్నవాళ్ళంతా ఒకరినొకరు వదిలేశారు. సుభద్ర క్యారియరు మూత తీసి, పనసపొట్టు కూర వాసన చూసి, చాలా జాగ్రత్తగా మూత పెట్టేసింది. ఎక్స్‌ప్రెస్ దడదడా వెళ్ళిపోయింది. ప్యాసింజరు కూత వేసింది. భార్గవి కళ్ళు తుడుచుకుని ఎక్కింది. యుగంధర్ ఆ బండి వెనక పెట్టె కనుమరుగయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. ఉద్యోగం ఊడినా ఊడవచ్చు. దానికన్నా, ఇక శనివారాలు కూడా ఉండవే అన్నదే అతని దిగులు.

సాయంత్రం విచారణ జరిగింది. హెడ్‌క్వార్టరు దాటినందుకు గౌరీశంకర్ ఇచ్ఛాపురం బదిలీ కాగితాన్ని నిలువునా చింపేశాడు. తర్వాత ఎర్ర ఫైలు మూసేద్దామన్నాడు. యంత్రం ఒప్పుకోలేదు. మూసివేతకు కారణం రాయమంది. ఆలుమగలేనని రాస్తే ముగ్గురు వేగులూ ఒకే పొరపాటు ఎలా పడ్డారో చెప్పాలి, అంటే ముగ్గురూ ఒకడేనని రాయాలి. ముగ్గురు పెద్దల్లో ఎవరూ దానికి సిద్ధపడలేదు.

"కారణం రాయకపోతే రూలు ప్రకారం ఆరు నెలలు నిఘా ఉంచాలి. ఆ తర్వాత మూడు శాఖలూ సంతకాలు పెడితే అప్పుడు మూయొచ్చు," అని సుభద్ర చదివింది.

"ఇద్దరూ రెండూళ్ళలో ఉన్నారండి. టెక్కలిలో ఒక జట్టు, ఇచ్ఛాపురంలో ఒక జట్టు. మనకు అంత మంది ఎక్కడున్నారు?" అన్నాడు పైడిరాజు.

సుభద్ర కలం తీసింది. అనుమానితులిద్దరినీ ఒకే ఊళ్ళో, వీలైతే ఒకే ఇంట్లో ఉంచడం జాతీయ భద్రత దృష్ట్యా అత్యవసరమని రాసి పైకి పంపింది. రెండేళ్ళు కదలని కాగితం మూడు రోజుల్లో తిరిగొచ్చింది. భార్గవిని టెక్కలి ఆడపిల్లల హాస్టలుకు వేశారు. నిఘాకు అనువుగా ఉండేందుకు రాత్రులు బయట ఇంట్లో ఉండవచ్చని ప్రత్యేక అనుమతి కూడా ఇచ్చారు.

ఆమె వచ్చిన మొదటి సాయంత్రం ఇద్దరూ గుమ్మంలో కూచుని గబగబా మాట్లాడుకున్నారు. పావుగంట తిరక్కుండానే మాటలు ఆగిపోయాయి. ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదని గుర్తొచ్చి, యుగంధర్‌కు ఎందుకో ఏడుపొచ్చింది. "ఏటి బావా?" అని ఆమె అడిగింది. ఏమీ లేదన్నాడు. నిజంగానే ఏమీ లేదు. అన్నీ ఉన్నాయి.

ఆరు నెలలు ఇట్టే గడిచాయి. ఫైలు మూయడానికి మూడు శాఖల సంతకాలూ సేకరించే బాధ్యతను సమన్వయకర్త యుగంధర్‌కే అప్పగించారు. అతను ఎంత శ్రమపడుతున్నా ఆ పని ఇంకా కొలిక్కి రాలేదు.