పెట్టబోయి పట్టుబడ్డ ఫైవిష్

ఆ గురువారం పొద్దున ఫైవిష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మగవాళ్లంతా ప్రార్థనామందిరంలో ఉండే వేళ చూసి, తమ బిల్డింగులోనే మూడో అంతస్తులో ఉండే నఫ్తాలి గుమ్మం ముందు ఒక డబ్బా పెట్టాలి. గంట నొక్కి, తలుపు తెరుచుకునేలోగా మాయమవాలి. బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో, ఫైవిష్ డబ్బాలు మోసిపెట్టే యూదుల సాయసంఘం పద్ధతే అంత. పుచ్చుకునేవాడికి పెట్టినవాడి మొహం తెలియకూడదు. మూడో మనిషికి ఇద్దరి సంగతీ తెలియకూడదు, ఆ మూడో మనిషి కట్టుకున్న భార్యే అయినా సరే.

నఫ్తాలి వజ్రాలు ఏరి వేరుచేసే పనివాడు. ఆ పని పోయి ఆరు నెలలైనా, రోజూ నల్లకోటు దులుపుకుని పనికి వెళ్తున్నట్టే బయల్దేరేవాడు. డబ్బాలోని కోడి, చేప, కూరగాయలు లేకపోతే అతని ఇంట్లో శుక్రవారం సాయంత్రం మొదలయ్యే వారపు పండుగ, సబ్బాతు భోజనం గడవదు. ఆ సంగతి వీధికి తెలిస్తే అతను తలెత్తుకోలేడు.

ఫైవిష్ డబ్బా దించుతుండగా ఎదురింటి తలుపు తెరుచుకుంది. బయటికొచ్చింది బ్రైనమ్మ. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏంటయ్యా ఫైవిష్, వాళ్ల గుమ్మంలో నీకేం పని?"

పెడుతున్నానంటే నఫ్తాలి పరువు పోతుంది. ఫైవిష్ బుర్రకు తోచింది ఒక్కటే. డబ్బాను మళ్లీ ఎత్తుకున్నాడు.

"పెట్టడం లేదు పిన్నిగారూ. తీసుకెళ్తున్నా."

ఎవరిదని ఆవిడ అడిగేలోగా మెట్లు దిగిపోయాడు. ఆ కంగారులో డబ్బా అడుగు ఊడి, క్యారెట్లు ఒక్కొక్కటే అతని వెంట దొర్లుకుంటూ వచ్చాయి.

మధ్యాహ్నానికి నఫ్తాలి ఇంటి కోడిని ఫైవిష్ ఎత్తుకుపోయాడని చేపల కొట్టులో చెప్పుకున్నారు. సాయంత్రానికి అది దొంగతనం కాదు, ఆకలి అని తేల్చారు. ఆ వీధి జనం దొంగనైనా వదిలేస్తారేమోగానీ ఆకలిగొన్నవాణ్ణి వదలరు. ఫైవిష్ భార్య గిటెల్‌కు చేపలవాడు అడక్కుండానే రెండు తలకాయలు ఎక్కువ వేశాడు. ఎవరో పాత కోటు పంపారు, కొత్త గుండీలు కుట్టించి మరీ.

గిటెల్ ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిచి నిలదీసింది. "ఈ కోడి ఎక్కడిది? మనం అంత చితికిపోయామా? ఊరంతటికీ తెలుసు, నాకే తెలీదా?"

ఫైవిష్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నమైంది. బ్రైనమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కాస్తోంది. సబ్బాతు దీపాలు వెలిగాక పొయ్యి ముట్టకూడదని నియమం, వంటలూ కుదరవు. పైన నఫ్తాలి పిల్లలు ఏం తింటారోనని ఫైవిష్ మాటిమాటికీ మెట్లవైపు తొంగిచూసి, డబ్బా పైకి చేర్చే దారిలేక వెనక్కి వచ్చాడు.

అప్పుడే అతని ఇంటి గంటే మోగింది. తలుపు తీస్తే గుమ్మంలో జడలా అల్లిన సబ్బాతు రొట్టె ఒకటి ఉంది. మెట్లమీద ఒక నల్లకోటు పారిపోతోంది. ఫైవిష్ పరుగెత్తి దాన్ని పట్టుకుంటే, లోపల నఫ్తాలి ఉన్నాడు.

"సిగ్గుపడకు," అన్నాడు నఫ్తాలి గొంతు తగ్గించి. "మా డబ్బా నువ్వు తీసుకెళ్లావని తెలిసింది. ఆకలి అలాంటిది. నీకొక్కడికే చెబుతున్నా, అది మేం కొన్నది కాదు. ఆరు నెలలుగా సంఘం పెడుతున్నదే. రొట్టె లేకుండా సబ్బాతు ఎలా చేసుకుంటారని, మా ఇంట్లో కాల్చిన రెండిట్లో ఒకటి తెచ్చా."

ఫైవిష్‌కు ఏడుపొచ్చింది. నిజం చెబితే నఫ్తాలి మళ్లీ పుచ్చుకునేవాడైపోతాడు. ఈ పూట అతను పెట్టేవాడు.

"తప్పయిపోయింది," అన్నాడు ఫైవిష్ తలవంచుకుని. "కోడి ఇంకా అలాగే ఉంది. అందరం కలిసి తిందామా?"

భార్యలిద్దరూ గబగబా వండారు. ఆ సాయంత్రం నఫ్తాలి ఇంట్లో రెండు కుటుంబాలూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. ఫైవిష్ సంసారాన్ని నఫ్తాలే సాకుతున్నాడని, ఎంత దొడ్డమనసో అని బ్రైనమ్మ ఊరంతా చెప్పింది. అది విని నఫ్తాలి నిటారుగా నడవడం మొదలుపెట్టాడు.

ఆ పై వారం నుంచి ఫైవిష్ రెండు డబ్బాలు మోస్తున్నాడు. నిండుది ఎప్పట్లాగే ఎవరూ చూడకుండా నఫ్తాలి గుమ్మానికి చేరుతుంది. రెండోది వట్టిదే. దాన్ని తన గుమ్మంలో తానే పెట్టుకుని, బ్రైనమ్మ కంటపడేదాకా అక్కడే నిలబడుతున్నాడు.