కాలువ గట్టుకు వెళ్ళని వాచీ

టైము తెలుసుకోవడం మానవ చరిత్రలో ఎన్నడూ ఇంత తేలిక కాలేదు. వాచీ కొనుక్కోవడం ఎన్నడూ ఇంత కష్టం కాలేదు. టైము ఇప్పుడు గోడ మీద ఉంది, ఫోనులో ఉంది, లిఫ్టులో ఉంది, బట్టలుతికే మెషీను నుదుటి మీద కూడా ఉంది. వద్దన్నా కళ్ళబడుతుంది. అంచేత వాచీ అనేది టైముతో ఉన్న పాత చుట్టరికం తెంచుకుని పెద్ద హోదాలోకి వెళ్ళిపోయింది. దానికిప్పుడు ఒక సమాఖ్య ఉంది, నిబంధనలున్నాయి, దరఖాస్తు ఫారం ఉంది, వెయిటింగ్ లిస్టు ఉంది. ఈ సంగతి తెలియని అమాయకులు ఇంకా కొట్టుకెళ్ళి, వాచీ కొనుక్కుని, చేతికి పెట్టుకుని ఇంటికొచ్చేస్తున్నారు. వాళ్ళ గొడవ మనకక్కర్లేదు.

మన కథ ఒక బీమా గుమాస్తాది. క్లెయిముల విభాగంలో కూర్చుని, వచ్చిన ప్రతి దరఖాస్తులోనూ ఇంకొక్క కాగితం తక్కువైందని కనిపెట్టడం ఆయన ఉద్యోగం. పదిహేనేళ్ళుగా ఆ పని నమ్మకంగా చేస్తున్నాడు. ఆఫీసులో ఆయన్ని "ఇంకొక్కటి గారు" అంటారు. (చాటున కాదు, ముఖం మీదే. ఆయన దాన్ని బిరుదు కింద జమేసుకున్నాడు.)

ఆయన భార్యది కాలువల శాఖలో నీటి కొలతల ఉద్యోగం. నీళ్ళు వదిలిన రోజుల్లో గట్టు మీద నిలబడి, ఒక రాయి దగ్గర చెక్క బిళ్ళను నీళ్ళలో వేస్తుంది. అది ఇరవై మీటర్ల దిగువనున్న రెండో రాయిని ఎన్ని సెకన్లలో దాటిందో పుస్తకంలో రాసుకుంటుంది. ఆ సెకన్లను బట్టే ఏ కాలువలో ఎన్ని నీళ్ళు పోతున్నాయో, చిట్టచివరి పొలానికి అందుతాయో లేదో తేలుతుంది. ఈ పనికి కావలసినవి ఒక చెక్క బిళ్ళ, ఒక పుస్తకం, సెకన్ల ముల్లున్న ఒక వాచీ. ఫోను పనికిరాదా అంటే, ఇప్పటికే రెండు ఫోన్లు చెక్క బిళ్ళ వెంట వెళ్ళిపోయాయి. అవి ఎన్ని సెకన్లలో రెండో రాయి దాటాయో నమోదు కాలేదు.

ఒక ఆదివారం పొద్దున ఆవిడ వాచీ ఆగిపోయింది.

"ఏవండీ, నా వాచీ పోయింది. ఇంకో నలభై రోజుల్లో నీళ్ళు వదుల్తారు. సాయంత్రం వీధి చివర కొట్టుకెళ్ళి ఒకటి తెచ్చుకుంటాను," అంది.

"సరే" అని ఊరుకుంటే ఈ కథే లేదు. గుమాస్తా పేపర్లోంచి తలెత్తి, "నువ్వు తొందరపడకు. నేను చూస్తాను," అన్నాడు.

ఆవిడ చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని ఆయన వంక చూసింది. పెళ్ళయి పదకొండేళ్ళు. ఆవిడ పనికి సంబంధించిన దేన్నయినా తను చూస్తానని ఆయన అనడం అదే మొదలు. ఆవిడకి సంతోషమైంది, దాచుకోలేదు కూడా. "మీరే చూడండి అయితే," అని నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళింది.

చూడటం మొదలెట్టాడు. మొదటి రోజే ఆయనకు తెలిసిందేమిటంటే, గట్ల మీదా గుట్టల మీదా తిరిగేవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఫీల్డు వాచీ అనేదొకటి ఉంది. తెల్లటి పెద్ద అంకెలు, నల్లటి ముఖం, గుడ్డ పట్టీ, రోజూ కీ ఇచ్చుకోవాలి, సోకుల్లేవు. రెండో రోజు తెలిసిందేమిటంటే, వాటన్నిటిలో రాజు ముప్పై నాలుగో నమూనా. చేసిన కంపెనీ ఏనాడో మూతబడింది. ఆ రోజుల్లో సర్వేయర్లూ కాపలాదార్లూ కొనుక్కుని వానలో, బురదలో తిప్పి అరగదీసిన వాచీ అది. ఇప్పుడు మిగిలినవన్నీ గది దాటి బయటికి రాని పెద్దమనుషుల దగ్గరున్నాయి, అందుకే క్షేమంగా ఉన్నాయి. అది కావాలంటే పాత ఫీల్డు వాచీల పరిరక్షణ సమాఖ్య ద్వారానే రావాలని మూడో రోజు తెలిసింది.

సమాఖ్యకు అధ్యక్షుడు రిటైరైన పళ్ళ డాక్టరు. కంటికి భూతద్దం తగిలించుకుని ఏ వాచీనైనా నోరు తెరవమన్నట్టే చూస్తాడు. కార్యదర్శిని అందరూ "దుమ్ము గారు" అంటారు. అద్దం కింద చేరిన దుమ్ము చరిత్రలో భాగమనీ, దాన్ని తుడిచినవాడు చరిత్రకు ద్రోహి అనీ ఆయన సిద్ధాంతం. వీళ్ళిద్దరూ కలిసి డెబ్బై రెండు నిబంధనలు రాశారు. (డెబ్బై మూడోది సవరణలో ఉంది.)

గుమాస్తా మొదటి దరఖాస్తులో "అవసరం" అనే గడిలో "టైము చూసుకోవడానికి" అని రాశాడు. తొమ్మిది నిమిషాల్లో తిరిగొచ్చింది. కారణం: దురుద్దేశం. రెండోసారి "పరిరక్షణ" అని రాశాడు, తీసుకున్నారు. తర్వాత ఆ రోజు తారీఖు రాసిన కాగితం పక్కన చెయ్యి పెట్టి ఫోటో పంపమన్నారు. పంపితే, ఇది నీడపట్టున పెరిగిన మణికట్టు, ఫీల్డు వాచీకి తగదు అని తిప్పికొట్టారు. రెండు వారాల పాటు గుమాస్తా ఆఫీసు నుంచి రాగానే డాబా ఎక్కి, మణికట్టు ఎండకు పెట్టుకు కూర్చున్నాడు. ఇంకెవరికైనా అరికాలి మంట నెత్తికెక్కేది. ఆయనకు మాత్రం పుట్టింటికొచ్చినట్టుంది. ఇంకొక్క కాగితం అడిగించుకోవడంలో ఇంత హాయి ఉంటుందని ఇన్నేళ్ళూ తన కౌంటరు ఇవతల కూర్చుని ఊహించనే లేదు.

అసలు మెలిక నలభై ఒకటో నిబంధనలో ఉంది. ముప్పై నాలుగో నమూనా కోరేవాడు ముందుగా దానికి బదులుగా దొరికే మూడు చవక వాచీలు కొనాలి. ఒక్కొక్కటి తొంభై రోజులు దగ్గరుంచుకోవాలి. గడువు తీరాక "ఇది అది ఎందుకు కాదు" అనే అంశం మీద నాలుగు వందల మాటలకు తగ్గకుండా వ్యాసం రాసివ్వాలి. వాటి మీద గీత పడకూడదు, ఎందుకంటే గడువయ్యాక అవి లైనులో వెనకున్న అభ్యర్థికి పోతాయి. అలా ఆ మూడు వాచీలు ఎన్నో ఇళ్ళు తిరిగాయి, ఎవరి చేతికీ ఎక్కలేదు.

మొదటి వాచీ ఇంటికొచ్చింది. అచ్చం ఫోటోలో ఉన్నట్టే ఉంది. సెకన్ల ముల్లు టక్కు టక్కున తిరుగుతోంది.

"అమ్మయ్య, వచ్చిందా," అని ఆవిడ చెయ్యి చాపింది.

"ఇది కాదు. ఇది బదులు వాచీ."

"నాకూ బదులే కదా కావలసింది. నా పాతదానికి బదులు."

"నీకర్థం కాదు. ఇది పెట్టుకునేది కాదు. ఆగేది."

"నడుస్తోంది కదండీ."

"వాచీ నడుస్తుంది, మనం ఆగాలి," అన్నాడు గుమాస్తా ఓపిగ్గా.

ఆవిడ పెట్టె తిప్పి చూసింది. వంద మీటర్ల లోతు నీళ్ళలోనూ పాడవదని దాని మీద అచ్చేసి ఉంది. "మా కాలువ నడుం లోతే," అంది. అది నీళ్ళ కోసం రాసింది కాదనీ, కొనేవాడి ధైర్యం కోసం రాసిందనీ ఆయన నచ్చజెప్పి, బీరువాలో పెట్టి తాళం వేశాడు.

నలభయ్యో రోజు నీళ్ళు వదిలారు. వాచీ లేదు. ఆవిడ గట్టు మీద నిలబడి, బిళ్ళ వేసి, నోటితో లెక్కపెట్టింది. అంతకు ముందు నెల రోజులుగా వంటింట్లో గోడ గడియారం ఎదురుగా నిలబడి, గరిటె తిప్పుతూ లెక్క సాధన చేసుకుంటూనే ఉంది. ఆయన మీద నమ్మకం లేక కాదు, కాలువ మీద బాధ్యత ఉండి. సాయంత్రం రిపోర్టులో "కొలత పరికరం" అనే గడి వచ్చింది. అబద్ధం రాయడం ఆవిడకు చేతకాదు. "నోరు" అని రాసింది.

ఆ ఒక్క మాట కాలువల శాఖను కుదిపేసింది. పరీక్షించని పరికరం వాడటం నేరం. కనక నోటిని పరీక్షించడానికి పరికరాల అధికారి జీపు వేసుకుని, పెట్టెడు సామానుతో గట్టుకు వచ్చాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నలభై సార్లు బిళ్ళ వేయించాడు. ఆయన స్టాపువాచీకీ ఆవిడ నోటికీ మధ్య ఒక్కసారి కూడా అర సెకను మించి తేడా రాలేదు. ఆయన తన స్టాపువాచీని చెవి దగ్గర పెట్టుకుని అనుమానంగా రెండుసార్లు ఊపాడు. వారం తిరక్కుండా సర్టిఫికెట్టు వచ్చింది. పరికరం: నోరు. సంఖ్య: ఒకటి. చెల్లుబాటు: ఒక సంవత్సరం. ఇతర శాఖలకు అరువివ్వరాదు, పని వేళల్లో సొంత అవసరాలకు వాడరాదు, తేమ తగలనివ్వరాదు అని కింద షరతులు.

ఆవిడ దాన్ని తెచ్చి చూపిస్తే గుమాస్తా చదివి, "సీలు సరిగ్గా పడలేదు, ఇంకొకటి వేయించుకో," అన్నాడు. ఆ రోజు ఆయన మొదటి బదులు వాచీ మీద వ్యాసం గడువుకు ముందే రాసుకునే హడావుడిలో ఉన్నాడు.

అలా నెలలు గడిచాయి. మూడో బదులు వాచీ ఇంట్లో ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం ఆవిడ వరండాలో కూర్చుని ఫోనులో అక్కతో మాట్లాడుతుంటే కిటికీ ఇవతల గుమాస్తా చెవిన పడింది.

"కొట్టు వీధి చివరే ఉందక్కా, నాకు తెలీదా. వాచీ కోసం కాదు నేను ఆగింది. ఇన్నేళ్ళలో నా పని ఏమిటని ఈయన ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు నా కోసం ఇంత తిరుగుతున్నారు. తెచ్చి తన చేత్తో పెట్టాలని ఉందేమో, పెట్టనీ. లెక్కపెట్టుకోవడం నాకేం కష్టం చెప్పు."

గుమాస్తా కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి మనిషికి వీధి చివర వాచీ ఇవ్వడమా, తగదు, ఆ ముప్పై నాలుగో నమూనాయే తెచ్చి తీరాలి అని అక్కడికక్కడే గట్టిగా నిశ్చయించుకున్నాడు. వెంటనే లోపలికెళ్ళి మూడో వ్యాసాన్ని నాలుగు వందల మాటల నుంచి ఏడు వందలకు పెంచాడు.

పదకొండో నెలలో పిలుపొచ్చింది. ఆఖరి ఇంటర్వ్యూ పళ్ళ డాక్టరు ఇంట్లో. వెలుతురు తగిలితే అంకెలు వెలిసిపోతాయని కిటికీలన్నీ మూసేసి ఉన్నాయి. గాజు బీరువాల్లో నూట పది వాచీలున్నాయి, ఒక్కటీ నడవడం లేదు. (నడిస్తే అరుగుతాయి.) ఇంటర్వ్యూ ఎప్పుడు మొదలైందో రాసుకోవడానికి దుమ్ము గారు ఫోను తీసి టైము చూశారు.

"వానలో తీసుకెళ్తావా?" అన్నాడు డాక్టరు.

"లేదండి."

"ఎండలో?"

"లేదండి."

"నీళ్ళ దగ్గరికి?"

గుమాస్తాకు గట్టు మీద బిళ్ళ వంక చూస్తూ పెదవులు కదుపుతున్న భార్య కళ్ళ ముందు మెదిలింది. ఉన్న మాట చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. కానీ ఎదురుగా బల్ల మీద ముప్పై నాలుగో నమూనా ఉంది. పదకొండు నెలల వ్యాసాలున్నాయి, ఎండబెట్టిన మణికట్టు ఉంది.

"లేదండి," అన్నాడు.

"ఇంతకీ ఎవరు పెట్టుకుంటారు?"

"ఎవరూ పెట్టుకోరండి."

డాక్టరు కుర్చీలోంచి లేచి వచ్చి ఆయన్ని కౌగిలించుకున్నాడు. "నీలాంటివాడి కోసమే దీన్ని ఇన్నాళ్ళు దాచాను బాబూ," అన్నాడు. దుమ్ము గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు, కళ్ళజోడు మాత్రం తుడవలేదు. వాచీతో పాటు ఒక ఫారం ఇచ్చారు. ఇంట్లో వాళ్ళెవరూ ఆ వాచీని వాడబోరని రాయించుకునే హామీ పత్రం అది. భార్య సంతకంతో మూడు రోజుల్లో అందకపోతే వాచీ వెనక్కి పోతుంది.

గుమాస్తా ఇంటికొచ్చేసరికి ఆవిడ అప్పుడే గట్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. చేతిలో పెట్టె చూసి గబగబా వచ్చింది. చీర చెంగుకు చేతులు తుడుచుకుని, ఏమీ అడక్కుండా ఎడం చెయ్యి చాపింది. ఆయన ఆ చేతిలో ముందు ఫారం పెట్టాడు.

"ఏమిటిది?"

"చిన్న సంతకం. నువ్వు వాడవని."

"నా కోసం కాదా తెచ్చింది?"

"నీ కోసమే. నీ పేరు చెప్పుకునే కదా ఇన్ని నెలలు తిరిగాను. కాకపోతే దాన్ని వానలో, ఎండలో, నీళ్ళ దగ్గర పెట్టుకోకూడదు. మిగతా అప్పుడంతా నీదే."

ఆవిడ పెట్టె మూత తీసింది. వాచీకి నాలుగు చుట్లు కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు పెదవులు కదిపింది. "వెనకబడుతోంది, పాపం," అని జాగ్రత్తగా మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. కోప్పడలేదు, మాట పెంచలేదు. ఆయన నిజంగానే హమ్మయ్య అనుకున్నాడు.

ఆవిడ బల్ల దగ్గర కూర్చుని ఫారం నింపింది. పేరు రాసింది. వయసు రాసింది. ఉద్యోగం రాసింది. "కొనుగోలుదారుతో సంబంధం" అన్న గడి దగ్గర కలం ఆపి, కొంచెంసేపు ఆలోచించింది. తర్వాత అందులో "వెయిటింగ్ లిస్టు" అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం చేసి ఇచ్చింది.

సమాఖ్య ఆ ఫారాన్ని గడి గడీ పరిశీలించి, ఇంత నిజాయితీగా నింపిన పత్రం తమకు ఇదివరకెన్నడూ అందలేదని మెచ్చుకుంటూ, మర్నాడు పొద్దున్నే ఆమోదించింది.