నేసెంట్ పైపుకి గాజులు

తుడియలూరు తెలుగు వీధిలో ఇంటింటికీ కుళాయి వేసే పథకం ‘నేసెంట్ స్టేజి’లో ఉందని కౌన్సిలర్ పెరుమాళ్‌సామి గారు మైకు పట్టుకుని ప్రకటించారు. ఇలా ప్రకటించడం ఆయనకిది నాలుగో ఏడు. ఒక్క మాట మీద నాలుగేళ్ళు నిలబడ్డ నాయకుణ్ణి ఈ రోజుల్లో ఎక్కడ చూస్తాం?

రామాయి కూడా నిలబడే ఉంది, మోకాళ్ళు పట్టుకుని. వీధంతటికీ ఉన్నది మూల మీద ఒక్క కుళాయి. అక్కణ్ణించి మూడు బిందెలు మోసేసరికి ఆమె పని అయిపోతోంది. ఇంటి ముందు పాతిన నీలం పైపు మాత్రం నాలుగేళ్ళుగా మూతి బిగించుకుని మూరెడు ఎత్తున నిలబడి ఉంది.

ఇంటికొచ్చి, కాలేజీలో ఇంగ్లీషు చదివే మనవరాలు ఇందుజని అడిగింది.

“అదేమి పాపా, నేసెంట్?”

“ఇప్పుడిప్పుడే పుడతా ఉండేదాన్ని అట్లంటారు అవ్వా. కొత్త కంపెనీ, కొత్త పార్టీ, అట్లాంటివాట్ని.”

“నాలుగేండ్లయినాక?”

“అప్పుడు అనకూడదు. ఆ మాటకే మర్యాద పోతుంది.”

“అయ్యో పాపం! నాలుగేండ్లుగా కడుపుతో ఉండాదా ఈ పైపు? గాజులు తొడిగి ఒక వళైకాప్పు కూడా చెయ్యలేదే మనం!”

ఇంకేముంది! శుక్రవారం పొద్దున ఆడవాళ్ళంతా చేరారు. చింతపండన్నం, నిమ్మకాయన్నం, పెరుగన్నం కలిపారు. కడుపుతో ఉన్న పిల్లకి చేసినట్టే పైపుకి చందనం పూసి, నీలం రంగు కనపడనంతగా గాజులు తొడిగారు. చూసి సిగ్గుపడి చావాలని కౌన్సిలర్‌కి కబురంపారు.

ఆయన రానే వచ్చారు, ఫోటోగ్రాఫర్‌తో సహా. సిగ్గుపడతారనుకోవడం వాళ్ళ అమాయకత్వం. ఆయన కళ్ళు చెమర్చాయి. స్వయంగా రెండు గాజులు తొడిగారు.

“నన్ను ఇంతగా అర్థం చేసుకున్నోళ్ళు ఎవురూ లేరక్కా!”

“కాన్పు ఎప్పుడు తంబీ?” అంది రామాయి.

“ప్రాసెస్‌లో ఉండాదక్కా. ముందు అన్నం పెట్టు.”

మూడు రకాలూ తిని, పెరుగన్నం మారు వడ్డించుకుని వెళ్ళారు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. ‘ఇంటింటికీ కుళాయి: ఆనందంలో మహిళలు.’ అందరి నవ్వులకన్నా రామాయి నవ్వే పెద్దది.

సోమవారం కార్పొరేషన్ బండి వచ్చింది. ఇద్దరు దిగి మూల మీద కుళాయి విప్పసాగారు. రామాయి ఖాళీ బిందెతో పరిగెత్తింది.

“ఏమప్పా, దాన్ని ఏల పీకతా ఉండారు? మేము తాగేదే అది!”

మేస్త్రీ ఎంతో మర్యాదగా జేబులోంచి పేపరు ముక్క తీసి విప్పాడు.

“ఇంటింటికీ వచ్చినాక వీధి కుళాయి ఉండకూడదమ్మా, రూలు. ఇదో, ఈ ముందర ఉండేది మీరే కదా? భలే నవ్వతా ఉండారు.”