పదిన్నర నిద్ర

ఆ రోజు పదిన్నరకల్లా బిడ్డను నిద్రపుచ్చి, పక్కనే తానూ పడుకోవాలని సుహాసిని పొద్దున్నే తీర్మానించుకుంది.

వాడు పుట్టి నలభై మూడు రోజులు. ఇన్ని రోజుల్లో ఆమె వరసగా గంటసేపు కన్ను మూసింది లేదు. కిందటి రోజు ఆమె పొయ్యి ముందు కళ్ళు తిరిగి పడబోయింది. పాలు కూడా తగ్గాయి. ఆశా కార్యకర్త రేఖ వచ్చి చూసి, "ఇలగే ఉంటే ఉన్న పాలూ పోతాయి. రోజూ ఒకే వేళకి నీళ్ళు పొయ్యి, పాలియ్యి, గది సీకటి సెయ్యి. సప్పుడు రాకూడదు. ఆడితో పాటు నువ్వూ పడుకో" అని గట్టిగా చెప్పి వెళ్ళింది.

భర్త ధనరాజు తెల్లారకముందే బోటు మీద వేటకు పోయాడు. అత్త నారాయణమ్మ ఎండుచేపల గంప ఎత్తుకుని సంతకు బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"ఓలే, గుంటడు పడుకున్నాడని ఎవుర్తోనీ అనీకు. దిష్టి తగుల్తాది."

"అననత్తా."

నీళ్ళు పోసింది, పాలిచ్చింది, కిటికీకి దుప్పటి కట్టింది, చీర ఉయ్యాల్లో వాణ్ణి పడుకోబెట్టింది. సరిగ్గా పదిన్నరకు వాడి కళ్ళు బరువెక్కాయి. అప్పుడే బయట డబ్బా మోగింది. పక్కింటి తాయారు, ఎండబెట్టిన చేపల మీదికి వచ్చే కాకుల్ని తోలుతోంది.

సుహాసిని జుట్టు విరబోసుకుని, ఎర్రటి కళ్ళతో బయటికొచ్చి గుసగుసగా అంది. "పిన్నీ, సప్పుడు సెయ్యకు."

"ఏటయిందే?"

అత్త మాట గుర్తొచ్చి సుహాసిని నోరు మెదపలేదు. తల అడ్డంగా ఊపి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆ పేటలో పట్టపగలు ఎవరూ తలుపు వేసుకోరు. ఆ ఇంటి తలుపు పగటిపూట మూతపడింది ఒక్కసారే. పదకొండేళ్ళ కిందట, సుహాసిని మామ ఎల్లాజీ లేకుండా ఎల్లాజీ బోటు తిరిగొచ్చిన రోజున. తాయారు డబ్బా కింద పెట్టి సముద్రం వైపు చూసింది. బోట్లన్నీ వచ్చేశాయి, ధనరాజుది తప్ప.

ఆమె నీళ్ళు పట్టే ఆడవాళ్ళకు చెప్పడానికి కుళాయి దగ్గరికి పరిగెత్తింది.

పదకొండు గంటలకు రామమందిరం మైకు ఆగిపోయింది. ఒడ్డున చేపల వేలంపాట ఆగిపోయింది. పేటంతా సద్దుమణిగింది. విచిత్రమేమిటంటే చప్పుడు తగ్గేకొద్దీ ఉయ్యాల్లో వాడి కళ్ళు ఇంతలేసి అవుతున్నాయి.

తలుపు సందులోంచి చూస్తే, ఎదురింటి చిన్నతల్లి అన్నం గిన్నె గుమ్మంలో పెట్టి, కళ్ళు ఒత్తుకుంటూ వెనక్కి జరుగుతోంది. చావు జరిగిన ఇంట పొయ్యి వెలగదు కాబట్టి ఇరుగుపొరుగు వండి తెచ్చి పెడతారు. నిద్రలేని సుహాసిని బుర్రకు ఆ సంగతి తట్టలేదు. బాలింత కోసం తెచ్చిన పథ్యం కూడు అనుకుంది. అరుగు మీద పది మంది ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కిక్కురుమనకుండా కూర్చున్నారు. తన బిడ్డ నిద్ర కోసం పేట పేటంతా నోరు కట్టుకుందని ఆమెకు కన్నీళ్ళాగలేదు. సందులోంచే వాళ్ళకు దండం పెట్టింది. ఆ దండం చూసి వాళ్ళకున్న ఆ కాస్త అనుమానమూ పోయింది.

పన్నెండింటికి నారాయణమ్మ ఆటో దిగింది. మూసిన తలుపు, అన్నం గిన్నె, మాట్లాడని ఆడవాళ్ళు. ఆమెకు ఇది కొత్త కాదు. గంప జారిపోయింది.

"ఓలమ్మో! నా కొడకా! మీ అయ్య కాడికే ఎల్లిపోనావేట్రా!"

ఎల్లాజీ శవం దొరకలేదు. దొరికితే ఏడుస్తానని అప్పట్లో భీష్మించుకు కూర్చున్న మనిషి, ఇప్పుడు ఇద్దర్నీ కలిపి ఏడ్చింది. లోపల సుహాసిని ఆ ఏడుపు విని ఉయ్యాల వదిలేసి లేచింది. బయటి నుంచి వచ్చిన మనిషి కదా, కబురు తెచ్చే ఉంటుంది. తలుపు తీసుకుని అత్త మీద పడింది. అరుగు అరుగంతా ఘొల్లుమంది.

గంటన్నర గడిచాక ధనరాజు, తడి లుంగీతో, వల భుజాన వేసుకుని వీధి మలుపు తిరిగాడు. తన గుమ్మంలో ఏడుపులు చూసి వల వదిలేశాడు.

"ఓర్నాయనో! నా గుంటడికేటయిందే!" అని గుండె బాదుకుంటూ కూలబడ్డాడు.

అందరూ ఒక్కసారిగా ఆపేశారు.

"నువ్వు... నీకేటవలేదేట్రా?" అంది తాయారు.

"నాకేటవుతాది? ఇంజిను సెడిపోనాది, లాక్కొచ్చినారు. గుంటడేడీ?"

సుహాసిని లోపలికి పరిగెత్తింది. ఇంత గోలలో ఉయ్యాల్లోంచి చిన్న కూత కూడా రాలేదని అప్పుడే గుర్తొచ్చింది. చీర మడత తప్పించింది. వాడు పిడికిళ్ళు వదిలేసి, నోరు తెరుచుకుని, హాయిగా నిద్రపోతున్నాడు.

బయట ఎవరూ ఊపిరి తీయడం లేదు. ఆ నిశ్శబ్దానికి వాడు ఉలిక్కిపడి లేచి కెవ్వుమన్నాడు.

నారాయణమ్మ వచ్చి ఉయ్యాలనీ కోడలి మొహాన్నీ మార్చి మార్చి చూసింది. గుమ్మంలోకి తిరిగి, "ఊరుకున్నారేటే? ఏడండి!" అంది.

"ఎవుర్నని ఏడమంటావప్పా? ఆడొచ్చీసినాడు గదా!" అంది తాయారు.

"మీ బావ రాలేదు గదా" అని నారాయణమ్మ ఉయ్యాల పక్కన చతికిలబడి, కొంగు నోటికి పెట్టుకుని, ఏడుపు రాగం ఎత్తుకుంది. నాలుగో చరణానికి వాడి కళ్ళు మూతపడ్డాయి. ఐదో చరణానికి నేల మీదే సుహాసినివీ.

వారం తర్వాత రేఖ వచ్చి, బిడ్డ రోజూ పదిన్నరకే పడుకుంటున్నాడని పుస్తకంలో రాసుకుంది. ఎలా పడుకుంటున్నాడో రాయడానికి అందులో గడి లేదు.