సిమెంటు గిజిగాళ్లే మేలు!

పిట్టలు అంతరించిపోతున్నాయని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లుమంట. పోనివ్వండి మహాప్రభో! పోతేనే కదా వాటికి మర్యాద దక్కేది!

మా చోడవరం నుంచి వడ్డాది వెళ్లే దారిలో ఒకప్పుడు రెండు రకాల గిజిగాళ్లు ఉండేవాళ్లు. మామూలు గిజిగాడు తాటాకు చివర గూడు వేలాడదీసేవాడు. చారల గిజిగాడు గెడ్డ నీళ్లలో పెరిగే జమ్ము మీద అల్లేవాడు. ఇద్దరికీ పసుపుపచ్చ టోపీయే, ఇద్దరిదీ కిచకిచే. తేడా తెలియాలంటే రొమ్ము మీద చారలున్నాయో లేవో చూడాలి. వాడు ఒక్క నిమిషం కుదురుగా కూర్చుంటే కదా! చెరకాకు చీల్చుకుని తుర్రుమనేవాడు. ఎంత అవస్థ!

ఇప్పుడా బాధ లేదు. తాటిచెట్లు కొట్టేసి వేసిన లేఅవుట్‌కి ‘గిజిగాడు ఎన్‌క్లేవ్’ అని పేరు పెట్టారు. జమ్ము పీకి, గెడ్డ పూడ్చిన ఫేజ్ టూకి ‘చారల గిజిగాడు ఎన్‌క్లేవ్’. ఏ జాతికీ అన్యాయం జరగలేదు! రెండు ఆర్చిల మీదా సిమెంటు పిట్టలు, సిమెంటు గూళ్లు. పెయింటర్ సత్తిబాబు ఫేజ్ టూ పిట్టకి బ్రష్షుతో నాలుగు గీతలు గీశాడు. శాస్త్రం పూర్తయింది. కావలసినంతసేపు నిలబడి పోల్చుకోండి, ఎగిరిపోతే నన్నడగండి!

పాటంటారా? స్పీకర్లున్నాయి. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, వర్షమొచ్చినా గొంతు బొంగురుపోదు. ప్లాట్ ఓనర్ల సంఘం సెక్రటరీగా స్విచ్చి నొక్కే భాగ్యం నాదే.

అంతా బాగుండగా, పోయిన వారం ఆర్చి మీదికి ఒక నిజం పిట్ట వచ్చింది. టోపీ లేదు. సైన్సు టీచరు శాలోమి బైనాక్యులర్స్ పెట్టి చూసింది.

“ఆడపిట్టండీ. మగాడు సగం గూడల్లి పాడతాడు, ఈవిడొచ్చి సూసుకుంటాది. నచ్చితేనే కాపురం.”

“చారలున్నాయా?” అన్నాను ఆత్రంగా.

ఆమె చెప్పేలోగా పిట్ట సిమెంటు గూడు చుట్టూ తిరిగింది. కింద దారి కోసం ముక్కుతో పొడిచింది. మా గూటికి కన్నం పెట్టాలని ఎవరికీ తోచలేదు. మూడు రోజులు వచ్చింది, మూడు రోజులూ పొడిచింది.

మూడో రోజు సత్తిబాబు ఉండబట్టలేకపోయాడు. “స్పీకరాపీయండి మేస్టారూ! లేని మొగుడి గొంతు ఇనిపించి పిలుస్తన్నాం. పాపం కాదేటి?”

ఆపేశాను. సిగ్గేసింది. ముగ్గురం చెవులొగ్గి నిలబడ్డాం. చారలున్నవాడో లేనివాడో, ఎవడో ఒకడు ఎక్కణ్ణుంచైనా పాడితే చాలనిపించింది. ఎవడూ పాడలేదు. పిట్ట కాసేపు చూసి, చీడికాడ కొండల వైపు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే లేఅవుట్ వేసిన కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. ఫేజ్ త్రీకి మరో మంచి పిట్ట పేరు కావాలట.

అయ్యలారా, అమ్మలారా, మీ ఊళ్లో ఇంకా ఏ పిట్టైనా పాడుతుంటే దాని పేరు మాత్రం వాళ్లకి చెప్పకండి!