లెక్కలు లేని బడి

"రేపటి నుంచి మన బడుల్లో సమస్యలనేవి ఉండవు!" అని విద్యామంత్రిగారు ప్రకటించారు.

సభంతా చప్పట్లు కొట్టింది. నేను పత్రికకు వార్తలు రాసేవాణ్ణి గనక ఒక చేత్తో రాసుకుంటూ రెండో చేత్తో తొడ మీద కొట్టాను. సమస్యలు ఎలా మాయమవుతాయో మర్నాడు సర్క్యులర్‌లో తెలిసింది. ఇకపై వాటిని సమస్యలు అనకూడదట, సవాళ్ళు అనాలట. ప్రతి బడీ ఈ టర్మ్ అయ్యేలోగా తన సవాళ్ళను విజయాలుగా మార్చుకుని ఫొటోలు పంపాలట. ఒక్క కలంపోటుతో ఇంత పని చేసిన మంత్రిని నేనింతవరకూ చూడలేదు.

మా ఊరి బడి అదృష్టం చేసుకుంది. సవాళ్ళకు కొదవ లేదు. పైకప్పు కురుస్తుంటే విద్యాధికారిగారు స్వయంగా వచ్చి, కురిసే చోటల్లా బకెట్లు పెట్టించి, "వాననీటి సేకరణ కేంద్రం" అని బోర్డు తగిలించారు. కూలిపోయిన వెనక గోడకు "ఆరుబయలు తరగతి గది" అని పేరు పెట్టి ప్రారంభోత్సవం చేశారు. రిబ్బను కట్టడానికి గోడ లేదని గుర్తొచ్చి, ఇద్దరు పిల్లల్ని చెరోపక్కా నిలబెట్టి కొసలు వాళ్ళ చేతికిచ్చారు. ఆ సమయస్ఫూర్తి మీద నేను ఫొటోతో సహా వార్త రాశాను.

ఒక్క సవాలు మాత్రం మొండికేసింది. బడిలో లెక్కల మాస్టారు లేరు. ఉన్నాయన రిటైరై ఏడాది దాటింది, ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోలేదు. పదో తరగతికి ఏడాది చివర పబ్లిక్ పరీక్ష. మా అమ్మాయి అదే క్లాసు. లెక్కల పుస్తకం తెరిస్తే చాలు, దాని కళ్ళలో నీళ్ళు తిరిగేవి. విలేకరిగా నేనెంతో ఆశాభావంతో ఉన్నాను గానీ, తండ్రిగా ఆ పుస్తకం నేనే మూసేసేవాణ్ణి.

హెడ్మిస్ట్రెస్‌గారు అధికారిగారి దగ్గర ప్రస్తావించారు.

"సార్, లెక్కల మాస్టారు..."

"సమస్య చెబుతున్నారా, సవాలు చెబుతున్నారా?"

"సవాలే సార్."

"మరి ఆ మొహమేంటమ్మా? నవ్వుతూ చెప్పండి."

ఆవిడ నవ్వుతూ చెప్పారు. ఆయన నవ్వుతూ విని, జీపెక్కి వెళ్ళిపోయారు.

దాంతో ఆవిడ తెగించి నేరుగా రాజధానికి ఉత్తరం రాశారు. సమస్య అన్న మాట దొర్లకుండా, పెద్దవాళ్ళ టైము తినకుండా, ఒకే ఒక్క వాక్యం: "మా బడిలో లెక్కలు లేవు, చూసేవారిని వెంటనే పంపగలరు."

వారం తిరక్కుండా మనిషి దిగాడు. చంకలో బ్రీఫ్‌కేసు, ముక్కు చివర కళ్ళజోడు. పిల్లలు ఈలలేశారు. హెడ్మిస్ట్రెస్‌గారు పరుగున ఎదురెళ్ళారు.

"రండి రండి, మీకోసమే కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నామండీ!"

ఆయన బిత్తరపోయారు. "నాకోసమా? ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను చూసి సంతోషించినవాళ్ళు లేరమ్మా. లెక్కలు లేవని రాసింది మీరేనా?"

"నేనేనండీ. ఏడాది నుంచీ లేవు."

"ఏడాది నుంచా! బెదురూ లేదు, బెంగా లేదు!"

"బెంగ లేకేమండీ. పైవాళ్ళందరికీ చెప్పాను. తెలిసీ ఊరుకున్నారు."

"పైవాళ్ళకీ వాటా ఉందన్నమాట!" అంటూ ఆయన కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగారు.

ఆయన ఆడిట్ శాఖ మనిషి. బడి జమాఖర్చుల లెక్కలు గల్లంతయ్యాయని ఆయన్ని ఆగమేఘాల మీద తోలారు. సంగతి తెలిశాక ఆయన బ్రీఫ్‌కేసు తీసుకుని లేచారు, మళ్ళీ కూర్చున్నారు.

"లెక్కలు కుదుటపడేదాకా ఇక్కణ్ణుంచి కదలకూడదని నాకు ఆర్డరమ్మా."

"ఏ లెక్కలో రాశారా అందులో?"

ఆయన ఆర్డరు తీసి, తిరగేసి మరగేసి చూశారు. "రాయలేదు."

"అయితే పదండి క్లాసుకి" అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు.

ఆ టర్మ్‌ని నేను జన్మలో మరిచిపోలేను. ఆడిట్ మాస్టారు సుద్దముక్క పట్టుకుంటే క్లాసు గజగజలాడేది, తర్వాత పకపకలాడేది. "ఈ ఎక్స్ ఎవరు? ఎక్కణ్ణుంచొచ్చాడు? ఎవరి అనుమతితో అటు నుంచి ఇటు మారాడు? గుర్తెందుకు మారింది?" అని నిలదీసేవారు. పిల్లలు ఆధారాలు చూపించి ఎక్స్‌ని విడిపించుకునేవారు. కొన్నాళ్ళకు మా అమ్మాయి ఇంట్లో కూడా మొదలెట్టింది. డబ్బాలో చక్కెర తగ్గిందని వాళ్ళమ్మను సంజాయిషీ అడిగింది. రాత్రి పూట లెక్కలు చేస్తూ తనలో తను నవ్వుకునేది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

"తప్పు చూపిస్తే థాంక్స్ చెప్పేవాళ్ళుంటారని నాకిప్పటిదాకా తెలీదండీ" అని ఆడిట్ మాస్టారు నాతో అన్నారు. ఆయన అప్పటికి లుంగీతో తిరిగేంత ఊరివాడైపోయారు.

టర్మ్ పరీక్షలో పదో తరగతి మొత్తం లెక్కల్లో గట్టెక్కింది. విద్యాధికారిగారు ఆ కబురు పైకి పంపారు. సన్మానానికి మంత్రిగారే విచ్చేశారు.

"లెక్కల మాస్టారు లేకుండానే లెక్కల్లో అందరూ పాసైన బడి ఇది!" అన్నారు మంత్రిగారు. "లేకపోతేనే ఇలా చదివారంటే, ఉండి ఉంటే ఏమైపోయేవారో!"

హెడ్మిస్ట్రెస్‌గారు లేచారు. "సార్, చెప్పింది ఆయనండీ, ఆ చివర నిలబడ్డారే..."

"నవ్వుతూ, నవ్వుతూ" అని అధికారిగారు చెవిలో ఊదారు.

మంత్రిగారు చెయ్యెత్తారు. "ఇక ఈ బడికి లెక్కల మాస్టారి పోస్టే అవసరం లేదు. రద్దు చేస్తున్నా! ఇంత సత్తా ఉన్న బడికి చిన్న సవాలు ఇవ్వడం అవమానం. అందుకని సైన్స్ మాస్టారిని కూడా తీసేసుకుంటున్నా!"

చప్పట్లు మోగిపోయాయి. అలవాటు కొద్దీ సైన్స్ మాస్టారు కూడా కొట్టారు. ఆయన మెడలో దండ వేసి, మంత్రిగారి వెనక కారులోనే ఎక్కించారు. లెక్కలు కుదుటపడ్డాయని ఆడిట్ మాస్టారిని కూడా వెనక్కి పిలిచారు. బస్సు దగ్గర పిల్లలు ఏడ్చారు. ఆయన బస్సు మెట్టు మీదే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా అమ్మాయి ఇంటికొచ్చి పుస్తకాలు మూలపెట్టి ముసుగుతన్నింది. నేను "బడికి జంట గౌరవం" అని హెడ్డింగ్ పెట్టి వార్త పంపాను.

సాయంత్రం హెడ్మిస్ట్రెస్‌గారు కబురు పెట్టారు.

"మీరు మాటలు తెలిసినవారు. ఈ వాక్యం సరిగ్గా ఉందేమో చూడండి."

చూశాను. "మా బడిలో ప్రాణులు దిక్కులేక నీరసించిపోతున్నాయి, చూసేవారిని వెంటనే పంపగలరు" అని ఉంది.

"ఇది విద్యాశాఖకాండీ?"

"పశువైద్య శాఖకి. పశువుల డాక్టరుకి సైన్స్ వస్తుంది కదా?"

"భేషుగ్గా వస్తుంది. మరి లెక్కలకి?"

"లెక్కలు మళ్ళీ పోయాయని మధ్యాహ్నమే రాసి పడేశాను."

"డాక్టరు వచ్చి పశువేదీ అంటేనో?"

ఆవిడ ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, నావైపు చూశారు.

మర్నాడు పొద్దున్నే మా ఆవుని తోలుకెళ్ళి పదో తరగతిలో కట్టేసి వచ్చాను.